కుర్చీ ఒకరిది, కలము మరొకరిది

పౌరశాస్త్ర పాఠములలో పిల్లలు కంఠస్థము చేయు వాక్యమొకటి కలదు: నగరమునకు ప్రథమ పౌరుడు మేయరు. పరీక్షలో ఒక మార్కునకు అది చాలును. కాని కనిగిరి బడిలో చదువు విద్యార్థి ఆ వాక్యమును పట్టుకొని తన ఊరి వీథులలో వెదకినచో మేయరు కనబడడు. మేయరు నగరపాలక సంస్థకే ఉండును. 2012లో ఆ హోదా పొందిన ఒంగోలునకు మేయరు పదవి ఏర్పడినది. పురపాలక సంఘమునకును, నగర పంచాయతీకిని ఉండునది చైర్మను, అనగా అధ్యక్షుడు. కనిగిరి 2021 మార్చి ఎన్నికలనాటికి నగర పంచాయతీ. ఆ పేరును గమనించినచో అందులోనే ఊరి స్థితి తెలియును. ఒక పాదము పల్లెలో, మరొక పాదము పట్నములో. పల్లె పట్టణముగా మారుచున్న ప్రాంతమునకే రాజ్యాంగము ఆ పేరు పెట్టినది.

మేయరు అను మాట లాటిను భాషలో “మరింత పెద్ద” అను అర్థముగల పదమునుండి పుట్టినది. 1688లో ఈస్టిండియా కంపెనీవారు మద్రాసులో కార్పొరేషను స్థాపించినపుడు ఆ బిరుదు ఈ గడ్డపై కాలు మోపినది. తెలుగువారికి మాట క్రొత్తయే గాని భావము క్రొత్తది కాదు. “ఊరిపెద్ద” అన్న మన మాట దానికి సరియైన అనువాదము. కావున మేయరన్నను చైర్మనన్నను ప్రజల దృష్టిలో అతడు ఊరిపెద్దయే. ఊరిలో చెడిన ప్రతి పనికిని అతడే జవాబు చెప్పవలెనని వారు తలంతురు. చట్టము అతనికిచ్చిన దెంత, ప్రజలు అతనినుండి కోరున దెంత అన్నది తూచి చూచినపుడే ఈ పదవియొక్క నిజస్వరూపము తెలియును.

కనిగిరిలో ఊరిపెద్దనుండి ప్రజలు కోరునది ఒక్కమాటలో చెప్పవచ్చును: నీళ్లు.

గుంటూరు, ప్రకాశము జిల్లాల పేరు చెప్పగానే నల్లరేగడి, ప్రత్తి, మిరప కనులముందు నిలుచును. కనిగిరి ఆ మైదానమునకు పడమటి అంచు. పాత నెల్లూరు జిల్లాలో తాలూకా కేంద్రమైన ఈ ఊరు 1970లో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడినపుడు అందు చేరినది. వాన తక్కువ, రాయి ఎక్కువ. పంట పండని ఏట కూలి జనము మిరపకోతలకు గుంటూరు వైపు తరలిపోవుట అక్కడ వాడుక. ఊరికి అండగా కొండయు, కొండపై కోటయు కలవు. కనకగిరి అన్నదే కనిగిరియైనదని ఊరివారు గర్వముగా చెప్పుకొందురు. పేరులో కనకమున్నను నేలక్రింది నీటిలో ఉన్నది ఫ్లోరైడు.

ఈ వ్యాధికథకు ఆ ప్రాంతముతో ఉన్న సంబంధము చిన్నది కాదు. భారతదేశమున ఫ్లోరోసిస్‌ను గూర్చి వెలువడిన తొలి వైద్య నివేదిక 1937 నాటిది. షార్టు ప్రభృతులు వ్రాసిన ఆ నివేదిక నాటి మద్రాసు రాష్ట్రములోని నెల్లూరు జిల్లాను గూర్చినది. ఆనాటి కనిగిరి, పొదిలి, దర్శి ఆ జిల్లాలోనివే. వైద్యులకంటె ముందు రైతులు గుర్తించిరని చెప్పుదురు. కాడెద్దులు కీళ్లు బిగిసి నడవలేకపోవుట చూచి నీటిని అనుమానించిరట. ఎద్దు నోరులేని జీవియే గాని దాని నడక చెప్పిన సంగతిని శాస్త్రము తరువాత ధ్రువపరచినది.

పాఠశాల ఉపాధ్యాయులకు ఈ సంగతి పుస్తకమున చదువనక్కరలేదు. తరగతిలో పిల్లవాడు నోరు తెరచినపుడే తెలియును. పండ్లు రూపొందు పసితనమున, అనగా ఇంచుమించు ఎనిమిదేండ్లలోపు, ఫ్లోరైడు మిక్కుటముగానున్న నీరు త్రాగినచో పంటిపై సుద్దవంటి తెల్లని మచ్చలు ఏర్పడును. పిదప అవి పసుపు, గోధుమ రంగులకు తిరుగును. ఒకసారి పడిన మచ్చ ఎంత తోమినను పోదు. ఏండ్ల తరబడి త్రాగినచో అది ఎముకలలో చేరి కీళ్లను, వెన్నును బిగించును. నీటిలో దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. కాచినచో పోవునను భ్రమ కొందరికి కలదు. నిజమునకు కాచుటవలన నీరు ఆవిరియై తగ్గిన కొలది మిగిలిన నీటిలో దాని పాలు పెరుగును. లీటరునకు 1 మిల్లీగ్రాము వరకు మేలని, వేరు ఆధారము లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు ఓర్చుకొనవచ్చునని భారతీయ ప్రమాణము నిర్ణయించినది. ఆ గీత దాటిన బోరు నీరు ఏ వీథిలో ఉన్నదో తెలిసికొనుట, తెలిసిన సంగతిని ఆ వీథివారికి తెలుపుట, త్రాగుటకు వేరు నీరు చూపుట — ఊరి పాలన అనునది ఇక్కడ ఈ మూడు పనులతో మొదలగును. మంచినీటి సంగతి తేలక పార్కులు, విగ్రహములు, స్వాగత ద్వారములు ఎన్ని కట్టినను వాటి అందము రెండవ మాట.

ఈ మూడింటిని చేయించు అధికారము చైర్మనునకు కలదా? ఇక్కడ చట్టమును కొంచెము ఓపికతో చదువవలెను.

1992లో పార్లమెంటు ఆమోదించి 1993 జూన్ 1నుండి అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ స్థానిక సంస్థలకు రాజ్యాంగమున చోటు కల్పించినది. పన్నెండవ షెడ్యూలున 18 అంశములు పేర్కొన్నది. వానిలో గృహావసరములకు నీటి సరఫరా, ప్రజారోగ్యము, పారిశుధ్యము, వీథిదీపములు, శ్మశానములు, జనన మరణముల నమోదు మొదలైనవి కలవు. చదివినవారికి ఊరంతయు ఆ సంఘము చేతిలోనే ఉన్నట్లు తోచును. కాని 243-డబ్ల్యు అధికరణము భాష వేరు. ఆ అధికారములను రాష్ట్ర శాసనసభ “ఇయ్యవచ్చును” అని అందున్నది గాని “ఇయ్యవలెను” అని లేదు. వ్యాకరణము చెప్పు పంతుళ్లకు ఈ రెండు క్రియలకుగల భేదము వేరుగా బోధింప నక్కరలేదు. ఒకటి అనుమతి, మరొకటి విధి. ఎన్నికలు జరుపవలెనన్న చోట, అయిదేండ్ల గడువు మించరాదన్న చోట రాజ్యాంగము విధ్యర్థమున పలికినది. అధికారమిచ్చు చోటికి వచ్చుసరికి దాని కంఠము మెత్తబడినది. ముప్పది యేండ్లు దాటినను ఆంధ్రదేశపు పట్టణములన్నియు ఆ “వచ్చును” నీడలోనే పాలింపబడుచున్నవి.

ఆంధ్రప్రదేశ్ పురపాలక చట్టము 1965 నాటిది. దాని ప్రకారము సభకు అధ్యక్షత వహించువాడు చైర్మను. తీర్మానమును అమలుజరుపు కార్యనిర్వహణాధికారి కమిషనరు. కమిషనరును నియమించునది, బదిలీ చేయునది రాష్ట్ర ప్రభుత్వము. తీర్మానము చట్టవిరుద్ధమని తోచినచో దానిని నిలిపివేయునట్టి, రద్దుపరచునట్టి అధికారము ప్రభుత్వమునకే కలదు. నీటి పథకమునకు నమూనా గీయువారు ప్రభుత్వ శాఖ ఇంజనీర్లు. కేంద్ర ఆర్థిక సంఘమునుండి వచ్చు సొమ్ములో పెద్దభాగము త్రాగునీటికి, పారిశుధ్యమునకు ముందుగానే ముడివేయబడి వచ్చును. ఇల్లు లేచిన చోట ఆస్తిపన్ను వేయునది పట్టణమే యైనను, అద్దె విలువనుబట్టియా, ఆస్తి విలువనుబట్టియా అన్నది నిర్ణయించునది రాష్ట్రము. 2021నుండి ఆస్తి విలువ ప్రాతిపదిక అయినపుడు ఏ పట్టణ సభయు దానిని కోరలేదు, ఏ సభయు ఆపలేకపోయినది. కుర్చీ ఒకరిది, కలము మరొకరిది, ఖజానా తాళము మూడవవారిది.

చెత్తపన్ను కథ దీనికి మంచి సాక్ష్యము. 2021 అక్టోబరులో ప్రారంభమైన పారిశుధ్య పథకము క్రింద రాష్ట్రములోని అనేక పట్టణములలో ఇంటింటినుండి నెలనెల రుసుము వసూలు చేయ నారంభించిరి. ఆజ్ఞ పైనుండి వచ్చినది. గడపలో నిలిచి తిట్లు తిన్నవారు వార్డు కౌన్సిలర్లు, వసూలుకు వచ్చిన చిన్న ఉద్యోగులు. 2024 చివర ఆ రుసుము రద్దయినది. ఆ ఆజ్ఞయు పైనుండియే వచ్చినది. వేయుటలో గాని తీయుటలో గాని పట్టణ సభకు నిజమైన పాత్ర లేదు. రుసుము న్యాయమా, అన్యాయమా అన్నది వేరు చర్చ. చెత్తబండి నడుపుటకు డబ్బు ఎక్కడినుండియో రావలెను గదా. కాని నిర్ణయించినవాడు ఒకడు, నింద మోసినవాడు మరొకడు అయినపుడు ఓటరు ఎవరిని శిక్షింపవలెనో తెలియక ఎదుట కనబడిన వానినే శిక్షించును.

కనిగిరి విషయమున ఇందులో మరొక మెలిక కలదు. గ్రామ పంచాయతీలో సర్పంచిని ఊరివారే నేరుగా ఓటువేసి ఎన్నుకొందురు. పంచాయతీ చెక్కుపై కార్యదర్శితోపాటు సర్పంచి చేవ్రాలు ఉండుట చిరకాలపు పద్ధతి. ఊరు పెరిగి పట్టణ హోదా వచ్చినది. హోదాతో సర్పంచి పోయి చైర్మను వచ్చెను. ఆ చైర్మనును ఊరివారు నేరుగా ఎన్నుకొనరు. వార్డునకొక కౌన్సిలరును ఎన్నుకొందురు, ఆ కౌన్సిలర్లు తమలో ఒకరిని ఎన్నుకొందురు. ఆ ఎన్నికలో స్థానిక శాసనసభ్యునకు, పార్లమెంటు సభ్యునకు పదవిరీత్యా ఓటు ఉండును. 1987, 1995, 2000 సంవత్సరములలో రాష్ట్రపు పట్టణప్రజలు మేయర్లను, చైర్మనులను తామే నేరుగా ఎన్నుకొనిరి. 2005నుండి పరోక్ష పద్ధతి వచ్చినది. పట్టణమగుటతో ఓటరు చేతిలోని ఓటు ఒకటి తగ్గినది. గ్రామములకే పరిమితమైన ఉపాధి హామీ పనియు తప్పిపోయినది. పన్ను మాత్రము పెరిగినది. పల్లె పట్టణమగుట పదోన్నతియని పాఠ్యపుస్తకములు వ్రాయును. కూలివాని లెక్కపుస్తకము వేరుగా ఉండును.

పరోక్ష ఎన్నిక వలన చైర్మను చూపు ఎటు మరలునో ఊహించుట కష్టము కాదు. అతని కుర్చీ కౌన్సిలర్ల చేతులమీద నిలిచియున్నది. 2025 ఏప్రిల్‌లో మహావిశాఖ నగరపాలక సంస్థ మేయరుపై అవిశ్వాస తీర్మానము నెగ్గినది. నాలుగేండ్లు నిండువరకు అట్టి తీర్మానము పెట్టరాదన్న నియమము తొలగిన వెంటనే రాష్ట్రపు పెక్కు పట్టణములలో ఆ ఆట మొదలైనది. అందులో నీటి కుళాయిని గూర్చిన వాదము ఎంత, రాష్ట్ర రాజధానిలో మారిన గాలి ఎంత అన్నది పాఠకులకు విడిచిపెట్టవచ్చును.

ఒకనాడు ఈ పదవి ఇట్లుండెడిది కాదు. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనను గూర్చి తీర్మానము వెలువరించిన పిదప పురపాలక సంఘములు దేశనాయకులకు ఓనమాలు నేర్పిన బడులైనవి. ఏ మహనీయుని పేరు జిల్లాకు పెట్టుకొంటిమో ఆ టంగుటూరి ప్రకాశము న్యాయవాదిగా ఉన్న రోజులలో రాజమహేంద్రవరము మునిసిపాలిటీకి చైర్మను. రాజగోపాలాచారి 1917లో సేలమునకు, వల్లభభాయి పటేలు 1924లో అహమ్మదాబాదునకు, జవహర్‌లాల్ నెహ్రూ 1923లో అలహాబాదునకు అధ్యక్షులైరి. స్వరాజ్యమునకు ముందే వారు మురుగుకాలువల కొలతలు చూచిరి. ఆ కాలపు చైర్మను సభాపతియే కాక కార్యనిర్వాహకుడు కూడ. మద్రాసు రాష్ట్రమున కమిషనర్ల వ్యవస్థ బలపడినది 1930 తరువాతి దశాబ్దములోనే. చైర్మనులు పక్షపాతము చూపుచున్నారన్న ఫిర్యాదు దానికి కారణము. ఆ ఫిర్యాదులో నిజము లేకపోలేదు. అయితే రోగమునకు వేసిన మందు చేతిని బాగుచేయుటకు బదులు చేతినే కట్టివేసినది.

ఇంగ్లండులో బర్మింగ్‌హామునకు 1873నుండి 1876వరకు మేయరుగా ఉన్న జోసెఫ్ ఛేంబర్లేను ప్రైవేటు కంపెనీల చేతిలోనున్న గ్యాసును, నీటిని నగరసభ సొత్తుగా చేసెను. మురికి బావుల నీటివలన వచ్చు జ్వరములకు జవాబు చెప్పవలసినది నగరసభయైనపుడు నీటిపై లాభము మరొకరికి పోరాదన్నది ఆయన వాదము. ఆయన అటుపిమ్మట సామ్రాజ్యవాదియై చేసిన రాజకీయములను మెచ్చవలసిన పనిలేదు. నీటి విషయమున మాత్రము ఆయన చూచిన సూటి మార్గము నేటికిని చెల్లును. కనిగిరివంటి ఊళ్లలో ఇరువది లీటర్ల క్యాను కొని త్రాగు ఇల్లు ప్రతి నెలయు పన్నుకు పైన మరొక పన్ను కట్టుచున్నట్లే గదా. అది మునిసిపల్ రశీదుపుస్తకములో కనబడని పన్ను.

ఛేంబర్లేనునకు నగరసభ ఖజానాయు, పార్లమెంటు చట్టము తెచ్చుకొను శక్తియు ఉండెను. కనిగిరి చైర్మనునకు అవి లేవు. అయినను చట్టము అతనికి మిగిల్చినది శూన్యము కాదు. నెలకొకసారియైనను సభ జరుగవలెను. సభకు వచ్చు ఎజెండా అతని చేతిమీదుగా పోవును. కార్యాలయపు రికార్డులను చూచు హక్కు అతనికి కలదు. కమిషనరు సభలో అడిగినదానికి జవాబు చెప్పవలెను. సభలో అడిగిన ప్రశ్నయు, వచ్చిన జవాబును మినిట్సు పుస్తకమున ఎక్కును. ఒకసారి ఎక్కినదానిని చెరుపుట సులభము కాదు. ఇవి చిన్న పనిముట్లే. చిన్న పనిముట్టుతో పని చేయించుటయే చిన్న ఊరి అధ్యక్షుని పని.

ఉదాహరణమునకు నీటి పరీక్షనే చూతము. ఊరిలో ప్రభుత్వపు బోర్లు ఎన్ని, ఏ బోరులో ఫ్లోరైడు ఎంత, చివరిసారి పరీక్ష ఎన్నడు జరిగినది? వేసవిలో ట్యాంకరు ఏ వార్డునకు ఎన్ని ట్రిప్పులు పోయినది, బిల్లు ఎన్నిటికి చెల్లినది? శుద్ధిజల కేంద్రపు పొరలు ఎప్పుడు మార్చిరి, అక్కడ వృథాగా పోవు ఉప్పునీరు ఎటు పారుచున్నది? ఈ ప్రశ్నలకు క్రొత్త చట్టము అక్కరలేదు, క్రొత్త నిధి అక్కరలేదు. ప్రతి నెలయు సభలో ఈ పట్టిక పెట్టవలెనని ఒక్క తీర్మానము చాలును. 2005 నాటి సమాచార హక్కు చట్టము ప్రకారము ఇట్టి సంగతులను అడుగకముందే ప్రకటించుట కార్యాలయపు విధి. ట్యాంకరు ట్రిప్పుల లెక్క ఆఫీసు గోడమీద అంటించిన నెలలోనే కొన్ని ట్రిప్పులు తగ్గును, కొన్ని వీథులకు నీరు పెరుగును. ఇందులో అద్భుతమేమియు లేదు. లెక్క నలుగురు చూచునపుడు చేయి కుదురుగా ఉండును.

కౌన్సిలు సభలు ఇట్లు సాగుట అరుదు. ఎజెండాలోని అంశములు వరుసగా చదివి, “ఆమోదము, ఆమోదము” అని బల్లలు చరచి అరగంటలో లేచిపోవుట ఒక పద్ధతి. మైకులు విరిచి బహిష్కరించుట రెండవ పద్ధతి. రెండింటిలోను నీటిపట్టిక ఎవరును చదువరు. 2019 అక్టోబరులో వార్డు సచివాలయములు వచ్చిన పిదప కౌన్సిలరు పని మరియు పలుచబడినది. వీథిదీపము వెలుగకున్నను, ధ్రువపత్రము కావలసినను ప్రజలు సచివాలయమునకే పోవుచున్నారు. పని త్వరగా జరుగుచున్నచోట అది మేలే. కాని ఆ ఉద్యోగి పైవానికి జవాబుదారి, వార్డునకు కాదు.

సభయే లేని కాలము ఇంతకంటె చెడ్డది. 2014లో ఎన్నికైన పాలకవర్గముల గడువు 2019 జూలైలో ముగిసినది. 2020 మార్చిలో జరుగవలసిన ఎన్నికలు కోవిడ్ మహమ్మారి వలన ఆగినవి. 2021 మార్చి 10న పోలింగు జరుగువరకు పట్టణములను ప్రత్యేకాధికారులు పాలించిరి. వారిలో సమర్థులు లేరని కాదు. ఒక్కొక్క అధికారి చైర్మను లేని లోటు తెలియనంత చక్కగా పనిచేసి ఉండవచ్చును. అయితే ఆ నెలలలో ట్యాంకరు లెక్క ఫలానా వార్డు పక్షమున లేచి అడుగు మనిషి చట్టబద్ధముగా ఎక్కడను లేడు. 2021 మార్చిలో ఏర్పడిన సభలకు రాజ్యాంగమిచ్చిన గడువు 2026 మార్చి వరకే. గడువు తీరకముందే ఎన్నిక జరుపుట రాజ్యాంగము విధ్యర్థమున చెప్పిన కొలది సంగతులలో ఒకటి యని ఇంతకుముందే చూచితిమి.

దూరపు ఆశ యొకటి పడమటి కొండలలో ఉన్నది. శ్రీశైలము జలాశయమునుండి కృష్ణ నీటిని నల్లమల క్రిందుగా రెండు సొరంగములద్వారా తెచ్చు పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టునకు 1996లో శంకుస్థాపన జరిగినది. ఒక్కొక్క సొరంగము ఇంచుమించు 19 కిలోమీటర్లు. 4,47,300 ఎకరములకు సాగునీరు, 15 లక్షలకు పైబడిన జనమునకు త్రాగునీరు దాని లక్ష్యము. ఆ జనములో కనిగిరి ప్రాంతమువారును కలరు. 2024 మార్చిలో సొరంగములు జాతికి అంకితమైనవి. అప్పటికి నిర్వాసితుల పునరావాసము తేలలేదు. శంకుస్థాపననాడు ఒకటవ తరగతిలో చేరిన బిడ్డకు సొరంగములు పూర్తియగునాటికి తన బిడ్డను బడిలో చేర్చు వయసు వచ్చినది. కేంద్రము 2021 అక్టోబరులో ప్రారంభించిన అమృత్ రెండవ దశ పట్టణములలో ప్రతి ఇంటికి కుళాయి అని చెప్పుచున్నది. నది పంపకము ట్రిబ్యునలు చూచును, సొరంగము రాష్ట్రము చూచును, గొట్టము కేంద్ర నిధి చూచును. నీరు ఊరి ట్యాంకు ఎక్కిన తరువాత మాత్రము ఏ వార్డునకు ఎన్ని గంటలకు, ఎంతసేపు వదలవలెను, గొట్టపు చివరనున్న పల్లపు వీథికి ముందా, ట్యాంకు ప్రక్కనున్న వీథికి ముందా అన్నది తేల్చు పట్టిక మిగిలియుండును. ఆ పట్టికను ఎవరు వ్రాసి ఎవరి ఎదుట చదువుదురో ఇప్పటినుండియే కౌన్సిలు సభలో అడుగవచ్చును.